గీత తాకిన చెయ్యి

అలివేణి పోయిన రోజున కొల్లేటి కొంగలు కబడ్డీలో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాయి. ఏలూరులో చాలామంది ఆ రోజును ఓటమితోనే గుర్తు పెట్టుకున్నారు.

చివరి కూత ఆమెదే. ఎప్పటిలాగే చేతి వెనక భాగంతో ముక్కు కొన ఒకసారి తుడుచుకుని అవతలి పక్కకు వెళ్ళింది. మూలనున్న అమ్మాయి భుజం తాకింది. వెనక్కి తిరిగింది. పట్టుకోవడానికి ఎవరూ దగ్గర లేరు. కూత మాత్రం సన్నబడుతూ వచ్చింది. మధ్య గీత ఇంకాస్త దూరం ఉందనగా ముందుకు వాలి, కుడిచెయ్యి చాచి పడిపోయింది. రిఫరీ వంగి చూసి, చెయ్యి గీతను తాకలేదంటూ అవతలి జట్టుకు పాయింటు ఇచ్చాడు.

స్టేడియం అంతా లే, లే అని అరిచింది. లేవకపోయేసరికి తిట్టింది. నటిస్తోందనుకున్నవాళ్ళు నీళ్ళ సీసాలు విసిరారు. వాటిలో ఒకటి ఆమె వీపు మీద పడి పక్కకు దొర్లింది.

జోగారావు మాస్టారు పై వరసలో ఉన్నారు. మెట్లన్నీ దిగి, లోపలికి పోనివ్వమని కాపలావాణ్ణి బతిమాలి, మ్యాట్ మీదకు వెళ్ళేసరికి కూతురి చెయ్యి ఇంకా చాచే ఉంది. వేళ్ళకూ గీతకూ మధ్య ఒక సుద్దముక్క పట్టేంత ఖాళీ ఉంది. జీవితమంతా సుద్దముక్క పట్టుకున్న మనిషి కనక ఆయనకు ఆ కొలతే తట్టింది.

పుట్టుకతోనే గుండె కండరం మందంగా ఉందనీ, ఎవరూ కనిపెట్టలేదనీ డాక్టర్లు చెప్పారు. టీకొట్ల దగ్గర మాత్రం చర్చ వేరేగా నడిచింది. చెయ్యి గీతను తాకిందా, తాకలేదా? తాకిందన్నవాళ్ళు రిఫరీని తిట్టారు. తాకలేదన్నవాళ్ళు ఆమెను తిట్టారు.

మాస్టారి భార్య నూకరత్నం ఆ వారంలోనే కూతురి బూట్లు, బట్టలు ఎవరికో ఇచ్చేసింది. భర్తను అడగలేదు. ఆయన కూడా ఎవరికి ఇచ్చావని అడగలేదు. సెలవు అయిపోగానే బడికి వెళ్ళి, ఎక్కడ ఆపారో అక్కణ్ణుంచి పాఠం మొదలుపెట్టారు.

*

నిరంజన ఒకప్పుడు ఆయన దగ్గర తొమ్మిదో తరగతి చదివింది. ఇప్పుడు కొంగల జట్టు ప్రయోగశాల ఆమె చేతిలో ఉంది. స్టేడియం వెనక మూతపడిన ఐసు ఫ్యాక్టరీలో ఆ ప్రయోగశాల. ఒక ఆదివారం ఇంటికి వచ్చింది. మాటలేమీ పెంచకుండా సంచిలోంచి నల్లటి తొడుగు ఒకటి తీసింది.

"మాస్టారూ, కుడిచెయ్యి ఒకసారి ఇలా ఇవ్వండి."

తొడుగు మోచేతి పైదాకా ఎక్కింది. లోపల సన్నటి తీగలు చర్మానికి చల్లగా తగిలాయి. నిరంజన ఫోనులో ఏదో నొక్కింది. ఆయన చెయ్యి తనంతట తను లేచింది. చేతి వెనక భాగం ముక్కు కొన మీద ఎడమనుంచి కుడికి ఒకసారి రాసుకుని, మళ్ళీ తొడ మీదకు దిగింది.

మాస్టారు కదల్లేదు. ఆ చెయ్యి ఎవరిదో ఆయనకు తెలిసింది.

నూకరత్నం వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. "తీసెయ్యమ్మా," అంది. "ముందది తీసెయ్."

అప్పుడు నిరంజన చెప్పింది. దెబ్బలు తగలకుండా చూసుకోవడానికి ఆటగాళ్ళంతా జెర్సీల కింద ఈ తీగలు వేసుకునే ఆడుతున్నారు. ఏ కండ ఎప్పుడు బిగిసిందో, ఎప్పుడు వదిలిందో అవి రాసి పెట్టుకుంటాయి. అలా మిగిలినదాన్ని జాడ అంటున్నారు. అదే తీగలతో ఇంకొకరి కండలను అదే వరసలో బిగిస్తే, పోయినవాళ్ళ ఆట బతికున్నవాళ్ళ ఒంట్లోకి వస్తుంది. ఈ ఏడాది నుంచి జట్టుకొక జాడను లీగ్ ఒప్పుకుంది. జాడ కూడా ప్లేయర్ కిందే లెక్క. ఒప్పందం ఉంటుంది, జెర్సీ మీద పేరుంటుంది. కన్నవాళ్ళ సంతకం ఉంటేనే వాడాలి. వాళ్ళు ఎప్పుడు వద్దంటే అప్పుడు ఆపెయ్యాలి.

"సంతకం పెట్టకపోతే?"

"ఒప్పందం లేని జాడను లీగ్ చెరిపేస్తుంది మాస్టారూ. వేరే జట్టు ఎత్తుకుపోకుండా."

"చెరిపేస్తే మళ్ళీ..."

"ఇంక ఉండదు."

ఆయన సంతకం పెట్టారు. పేరు చివర చుక్క పెట్టడం ఆయన అలవాటు. ఆ చుక్క కూడా పెట్టారు. నూకరత్నం మధ్యాహ్నం ఇద్దరికీ అన్నం వడ్డించింది. తను తినలేదు.

*

తొడుగు వేసుకునే పిల్ల పేరు గంగోత్రి. ఆదోని నుంచి వచ్చింది. అలివేణికంటే పొడుగు, చేతులు మరీ పొడుగు. ఐసు ఫ్యాక్టరీలో మాస్టారిని చూడగానే వంగి కాళ్ళకు దణ్ణం పెట్టింది.

"మీ కూతురాట టీవీలో జూసి ఆటకొచ్చినా సార్. మా అమ్మ మిరప తోటకి కూలికి రమ్మంటే, నేను రానని అలివేణక్క లెక్క ఆడతానంటి."

తొడుగు నడుమునుంచి తొడల దాకా, భుజాలనుంచి మణికట్ల దాకా బిగించి, ఛాతీకి ఒక పట్టీ చుట్టారు. గంగోత్రి గీత దగ్గర నిలబడింది. ఆమె చెయ్యి లేచి ముక్కు కొన తుడిచింది. మాస్టారు తల దించుకున్నారు.

"నేను జేయలే సార్," అంది గంగోత్రి భయంగా. "అదే జేసింది."

ఆ తరవాత ఆయన ప్రతి ఆటకూ వెళ్ళారు. పై వరసలో, అదే కుర్చీలో కూర్చునేవారు. అక్కణ్ణుంచి ముఖం ఆనదు. ఎడమ కాలు ముందుకేసి, కుడి భుజం వంచి, ఒక్క క్షణం ఆగి దూకడం మాత్రం కనబడేది. ఆ ఆగడం అలివేణికి ఆయనే నేర్పారు, పెరట్లో ఇసక పోయించి, చిన్నప్పుడు. ఆగితే ఎదుటివాడు తొందరపడతాడని చెప్పారు. ఇప్పుడా పాఠాన్ని వేరే పిల్ల ఒళ్ళు ఒప్పజెబుతోంది. దాని కోసం బస్సు దిగి, టికెట్టు కొనుక్కుని వెళ్ళేవారు.

కొంగలు మాత్రం ఓడిపోతూనే ఉన్నాయి.

కారణం ఎవరికైనా కనబడేదే. తొడుగు అలివేణి కండల్నే తెచ్చింది. ఊపిరిని తేలేదు. అలివేణిది పొడుగు కూత. ఆ ధీమాతో ఆమె కాళ్ళు చివరిదాకా లోపలే ఉండి, అప్పుడు తిరిగేవి. గంగోత్రి ఊపిరి అంతదాకా నిలవదు. ఎదుటివాళ్ళను తాకి కూడా, తిరిగొచ్చే దారిలో కూత తెగి ఔటయ్యేది. కాళ్ళు మాత్రం వెనక్కి రానని మొరాయించేవి.

బస్టాండు పక్క టీకొట్టు దగ్గర దీని మీద రోజూ సభే. సెల్లు కొట్టు ఖాదర్‌కీ, చేపల లారీ నడిపే సత్తిపండుకీ ఒకరిమాట ఒకరికి పడదు. మొదట్లో మాస్టారు బస్సు దిగితే ఇద్దరూ గొంతు తగ్గించేవారు. కొన్నాళ్ళకు తగ్గించడం మానేశారు. ఆ తరవాత ఆయన్నే పిలిచి కూర్చోబెట్టడం మొదలుపెట్టారు.

"రండి మాస్టారూ. మీరేమీ అనుకోకండి గానీ, అమ్మాయి ఈ సీజన్లో కాస్త నెమ్మదించిందండీ," అన్నాడు సత్తిపండు.

"అవునండీ," అన్నారు మాస్టారు.

"ఆయ్. నేనదే అంటన్నా. ఈ ఖాదరు ఒప్పుకోడు."

"అమ్మాయి తప్పేంటి భాయ్? ఎక్కించిన బండి అలాంటిది. నీ లారీకి రైలింజను పెడితే చక్రాలూడిపోవా?"

"అయితే బండి మార్చాలంటావా?"

"నేను రెణ్ణెల్ల నుంచి అనేది అదేగా!"

మాస్టారు టీ తాగి లేచారు. ఆ సాయంత్రమంతా ఆయన మనసులో ఒక మాట తిరిగింది. అమ్మాయి నెమ్మదించిందండీ. ఇలాంటి మాట ఎవరైనా బతికున్నవాళ్ళ గురించే అంటారు.

*

కొంగల క్లబ్బు అభిమానులదే. సభ్యత్వం ఉన్న ప్రతివాడికీ ఒక చెయ్యి. ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో కల్యాణమండపంలో కూర్చుని చేతులెత్తి తేలుస్తారు. ముందు పెసరట్టు ఉప్మా, తరవాత పోట్లాట. అది ఆనవాయితీ.

ఆ రోజు వేడి ఎక్కువగా ఉంది. ఫ్యాను కింది కుర్చీ మాస్టారికి ఇచ్చారు.

"గంగోత్రిని పంపించెయ్యండి," అన్నాడు ఖాదర్ లేచి. "ఊపిరున్న పిల్లని తీసుకురండి. అలివేణి జాడకి ఇంకో రెండేళ్ళు రాయండి."

"గంగోత్రిని పంపిత్తే ఆ పొడుగు చెయ్యి మళ్ళీ ఎక్కడ దొరుకుద్దిరా? తీత్తే అలివేణినే తియ్యాలి. సీజనంతా ఏం ఒరగబెట్టిందని?"

"పోయినోళ్ళని అలా అనకు సత్తిపండూ."

"నేను పోయినోళ్ళని అంటన్నానా? ఒప్పందంలో ఉన్న ప్లేయర్‌ని అంటన్నా. జెర్సీ మీద పేరు కావాలంటే తిట్లు కూడా కావాలి. పోయింది కాబట్టి తిట్టకూడదు, ఆడుతుంది కాబట్టి ఉంచాలి! రెండు పక్కలా తింటానంటే ఎలా?"

మండపంలో చప్పట్లు మోగాయి. వెనకనుంచి ఎవడో అరిచాడు. "అసలా రోజు గీత తాకుంటే ఈ గోలే లేదు కదరా!"

"తాకిందిరా వెధవా!"

"తాకలా!"

కాసేపు ఆ గొడవే నడిచింది. మాస్టారు పేపరు ప్లేటును నాలుగు మడతలు పెట్టి చేతిలో పట్టుకున్నారు. చుట్టూ ఇంతమందిలో ఆ ఖాళీని దగ్గరనుంచి చూసినవాడు ఆయనొక్కడే. ఎవరూ ఆయన్ని అడగలేదు. అడిగితే అబద్ధం చెబుదామని సిద్ధంగానే ఉన్నారు.

చివరికి నిరంజన లేచింది. చేతులెత్తే ముందు ఒక నెల గడువు కావాలంది. గంగోత్రి ఊపిరికి సరిపోయేలా కాళ్ళను ముందుగా తిప్పగలిగితే అన్నీ కుదురుతాయి. కానీ అలివేణి ముందుగా తిరిగిన కూత వెతకాలి. అలాంటిది ఒకటే ఉంది. ఆమె మాస్టారి వైపు చూసింది. మండపానికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా ఎవరూ వద్దనలేదు. గడువుకు చేతులు లేచాయి. సత్తిపండు చెయ్యి కూడా లేచింది.

*

ఐసు ఫ్యాక్టరీలో ఒక తెర ముందు మాస్టారిని కూర్చోబెట్టింది నిరంజన. తెర మీద మనిషి లేదు. పచ్చటి గీతలు కలిసి మనిషిలా కదిలాయి. ముఖం లేదు. పచ్చటి చెయ్యి లేచి, లేని ముక్కును తుడిచింది.

"చివరి కూతలో ఇక్కడ తాకింది. ఇదిగో, ఇక్కడ తిరిగింది. చూశారా, మామూలుకన్నా చాలా ముందు. లోపల ఏదో తేడాగా ఉందని తనకి తెలిసిపోయింది మాస్టారూ." ఆమె గొంతు తగ్గించింది. "మనకు కావలసింది ఈ తిరగడమొకటే. ఇక్కడికి కత్తిరించేస్తాను. తరవాత గంగోత్రి సొంతంగా పరిగెత్తుకొస్తుంది."

పచ్చటి గీతలు గాల్లో ఒక కాలు పైకెత్తి ఆగిపోయాయి.

"తరవాతది చూపించమ్మా."

ఆమె చూపించింది. పచ్చటి మనిషి పరిగెత్తి, ముందుకు వాలి, చెయ్యి చాచింది. తెల్లటి అడ్డగీతకు కొంచెం ఇవతల చెయ్యి ఆగింది. మాస్టారు మళ్ళీ చూపించమన్నారు. మళ్ళీ చూపించింది.

"గంగోత్రి చెయ్యి దీనికంటే పొడుగు కదా," అన్నారు ఆయన. బల్ల మీద మొద్దుబారిన పెన్సిలొకటి ఉంటే తీసుకుని, తెర మీద లెక్క చూపిస్తున్నట్టు పట్టుకున్నారు. "ఇదే పడటం గంగోత్రి పడితే, ఇదిగో, ఇక్కడికి వస్తుంది. గీత మీదకి."

"మాస్టారూ, ఇందులో ఛాతీ పట్టీ కూడా ఉంది. ఊపిరి పెంచలేదు గానీ, ఎప్పుడు పీల్చాలో ఎప్పుడాపాలో అదే చెబుతుంది. తీగలు గుండె దాకా తగులుతాయి. ఈ ముక్కలో ఎక్కడిదాకా ఆట ఉందో, ఎక్కడ..." ఆమె ఆపింది. "ఎక్కడ అది మొదలైందో నాకు తెలీదు."

"చెయ్యి గీత మీద పడేదాకా ఉంచమ్మా."

"అంత అవసరం లేదండీ."

"నాకు అవసరం."

తరగతిలో ఆయన మాటకు నిరంజన ఎన్నడూ ఎదురు చెప్పలేదు. కత్తిరించే గుర్తును ఆయన చూపించిన చోటికి జరిపింది. అక్కడ పెట్టమన్నది మాస్టారని తమ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. గంగోత్రికి కూడా చెప్పలేదు.

*

కొంగలు గెలవడం మొదలుపెట్టాయి.

గంగోత్రి వెళ్ళేది, తాకేది, ఊపిరి ఉండగానే తిరిగేది, గీత దగ్గరకు వచ్చి ముందుకు వాలి పడేది. పొడుగు చెయ్యి ప్రతిసారీ గీతను తాకేది. కాసేపు అలాగే పడి ఉండి లేచేది. మొదటిసారి చూసినప్పుడు స్టేడియం నిశ్శబ్దమైపోయింది. ఆ పడటాన్ని వాళ్ళంతా ఇంతకుముందు చూశారు. రెండో ఆటకు అలవాటు పడ్డారు. మూడో ఆటకు దానికి పేరు పెట్టారు. కొంగ వాలడం.

ఆమె వాలగానే స్టేడియం మొత్తం ముందు కుర్చీల మీదకు వాలి కుడిచెయ్యి చాచేది. కొంగ లేవగానే అందరూ లేచి అరిచేవారు. పెళ్ళిళ్ళలో వాలారు. కాలేజీ బస్సుల్లో వాలారు. ఒక మధ్యాహ్నం బడి ఆవరణలో మాస్టారి తరగతి పిల్లలే వరసగా సిమెంటు మీద వాలి, చేతులు చాచి, ఎవరి చెయ్యి ఎక్కువ దూరం వచ్చిందో చూసుకుంటున్నారు. ఆయన్ని చూసి లేచి నిలబడ్డారు. ఆయన లోపలికి రమ్మని బెల్లు వైపు చూపించారు.

ఆయన ఒక్క ఆట వదల్లేదు. ప్రతి ఆటలో ఎన్నోసార్లు ఆయన కూతురు గీత దాకా వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఆయన గట్టిగా ఊపిరి వదిలేవారు.

"మన పక్కింటావిడ కూడా వాలి చూపిస్తోంది," అంది నూకరత్నం ఒక రాత్రి పక్క దులుపుతూ. "మీరు రోజూ వెళ్ళి చూసొచ్చేది మన పిల్లని కాదు. మన పిల్ల చచ్చిపోవడాన్ని."

"ఇప్పుడు గీత తాకుతోంది నూకరత్నం."

"తాకితే?"

ఆమె లైటు ఆర్పేసింది.

ఫైనల్‌కు ముందు రోజు గంగోత్రి బడికే వచ్చింది. పిల్లలు చుట్టూ మూగి వాలమని గోల పెడితే నవ్వుతూ తప్పించుకుని, స్టాఫ్‌రూం బయట బెంచీ మీద కూర్చుంది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"గీత కాడికొస్తే కండ్లు సీకట్లయితాండాయి సార్. లోపలేదో ఆగిపోయి, మళ్ళా మొదలైతాది. మొదట్లో బిన్నే మొదలైతాండె. ఇప్పుడు ఆలస్యమైతాంది."

"నిరంజనకు చెప్పావా?"

"చూసిండాది మేడం. పండుకోబెట్టి చూస్తే అంతా బాగుండాదంట. నేను వద్దంటే నన్ను తీసేస్తారు సార్, మా అమ్మ మళ్ళా కూలికి పోవాల. మీరు వద్దంటే ఎవరూ ఏమనరు. తండ్రి కదా. మీరొక్క మాట చెప్పండి సార్."

మాస్టారు బయట ఆడుకుంటున్న పిల్లల వైపు చూశారు. ఆయన ఆ ఒక్క మాట అంటే, రేపు కూతురు గీత దాకా రాదు. రేపు కాదు, ఇంకెప్పుడూ రాదు.

"ఫైనల్ ఒక్కటే కదమ్మా మిగిలింది," అన్నారు.

గంగోత్రి ఆయన ముఖంలోకి చూసింది. "అవును సార్," అని లేచింది.

*

ఆ రోజు కొంగలు గెలిచాయి.

చివరి కూత గంగోత్రిది. ముక్కు కొన తుడుచుకుంది. వెళ్ళింది, ఇద్దర్ని తాకింది, తిరిగింది, వచ్చింది, వాలింది. వేళ్ళు గీతకు అవతల పడ్డాయి. రిఫరీ చెయ్యి ఎత్తాడు.

స్టేడియం మొత్తం ముందుకు వాలింది. వేలమంది తలలు దించుకుని, కుడిచేతులు చాచి, కొంగ లేచేదాకా అలా ఉండిపోయారు. అంతమందిలో నిటారుగా నిలబడి ఉన్నది ఒక్క మాస్టారే. అందుకే ముందు ఆయనకే తెలిసింది. ఆమె వీపు కదలడం లేదు. ఆయన అరిచారు. గెలుపుకు అరుస్తున్నారనుకుని పక్కవాడు వాలి ఉండగానే ఆయన చొక్కా పట్టి కిందికి లాగాడు. "వాలండి మాస్టారూ, వాలండి!"

ఆయన మెట్లు దిగడం మొదలుపెట్టారు. జనం ఇక ఆగలేక లేచారు. బాకాలు మోగాయి, రంగుకాగితాలు కురిశాయి. ఆయనకు ఇక మ్యాట్ కనిపించలేదు.

గంగోత్రి ఆసుపత్రికి చేరకముందే పోయింది. గుండెలో ఏ లోపమూ లేదని, ఎందుకు ఆగిందో చెప్పలేమని డాక్టర్లు అన్నారు. నిరంజన మాస్టారికి ఫోను చేసింది. ఒక్క మాటే అంది. "నేను ఆ గుర్తు జరపకుండా ఉండాల్సింది." ఆయన ఫోను పెట్టేశారు.

*

ఇప్పుడు టీకొట్టు దగ్గర చర్చ వేరు.

"జట్టుకి ఒక్క జాడే కదండీ రూలు. ఇద్దర్లో ఎవర్ని ఉంచాలి?" అన్నాడు ఖాదర్.

"గంగోత్రే. ఇంకా అడుగుతావేంట్రా? కప్పు తెచ్చింది. చెయ్యి పొడుగు. జాడ కూడా కొత్తది."

"అలివేణి మన ఊరి పిల్ల భాయ్."

"మన ఊరి పిల్లే. ఎవరు కాదన్నారు? విగ్రహం పెడదాం. ఒప్పందమెందుకు?" సత్తిపండు మాస్టారిని చూసి గ్లాసు దించాడు. "ఏవండీ మాస్టారూ, నేనన్నదాంట్లో తప్పుందా?"

కల్యాణమండపంలో చేతులు లేచాయి. ఈ నెలాఖరుకు అలివేణి జాడను లీగ్ చెరిపేస్తుంది. గంగోత్రి జాడకు ఒప్పందం రాస్తారు, వాళ్ళమ్మ సంతకం పెడితే.

సంతకానికి ముందే క్లబ్బు అధ్యక్షుడు మాస్టారింటికి వచ్చి, పండ్ల బుట్ట బల్ల మీద పెట్టి, ఇంకో సంగతి చెప్పి వెళ్ళాడు. గంగోత్రి ఆట సగం అలివేణిదేనట. తొడుగు నేర్పినదంతా ఆమె ఒంట్లో దిగిపోయిందట. "ఈ జాడ ఉన్నన్నాళ్ళూ మీ అమ్మాయి కూడా ఉన్నట్టేనండీ. గంగోత్రి వాళ్ళమ్మ ఆదోని నుంచి వస్తోంది. చదువుకున్నవాళ్ళు, ఒక బిడ్డను పోగొట్టుకున్నవాళ్ళు, మీరు చెబితే వింటుంది."

గంగోత్రి తల్లి ఈరమ్మ నిన్న వచ్చింది. మిరపకాయలు కోసి కోసి వేళ్ళ చివర్లు ఎర్రగా పగిలి ఉన్నాయి. నూకరత్నం చాప వేసి కూర్చోబెట్టి, అన్నం కలిపి ముద్దలు చేసి చేతిలో పెట్టింది. ఈరమ్మ తిన్నది. తరవాత చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"నా బిడ్డ మీ గురించి ఫోన్లో చెప్తాండె సార్. నాయన మాదిరి సారు అని." ఆమె ఏడవలేదు. "వాళ్ళు సంతకం అడుగుతాండారు. ఇంకో పిల్లకి తొడిగిస్తారంట. నా బిడ్డ మళ్ళా ఆడినట్టే ఉంటాదంట. నిజమేనా సార్? ఉంటాదా?"

మాస్టారు నోరు తెరిచారు. ఉంటుంది. అదే నిజం. ముక్కు తుడుచుకోవడం ఉంటుంది, ఆగి దూకడం ఉంటుంది, గీత మీద పడే చెయ్యి ఉంటుంది. ఆ తొడుగు ఎక్కే మూడో పిల్ల ఎవరో ఎక్కడో ఇప్పుడు భోంచేస్తూ ఉండి ఉంటుంది.

"మీరు పెట్టినారు కదా సార్ సంతకం. మీరు పెట్టమంటే పెడతా. వద్దంటే, ఎందుకు వద్దో చెప్పండి. నేను పోయి వాళ్ళకి అదే చెప్తా."

గుమ్మంలో నూకరత్నం భర్తనే చూస్తోంది. ఎందుకు వద్దో ఆమెకు కూడా తెలియదు.

"ఆలోచించి చెబుతానమ్మా," అన్నారు మాస్టారు.

ఈరమ్మ ఇంకా వాళ్ళింట్లోనే ఉంది. పొద్దున్నే లేచి, చెప్పకుండానే నూకరత్నంతో పాటు వాకిలి ఊడ్చింది. ఆదివారం సంతకాల సభ. కూతురి చివరి కూతను ఎక్కడిదాకా ఉంచమన్నారో ఆయన ఆమెకు ఇంకా చెప్పలేదు.